గ్రైండర్‌తో గాయమైతే: హెచ్చరిక చాలిందా లేదా తేల్చుకుని నష్టపరిహారం అడిగే పద్ధతి

కరెంటు పనిముట్టు వల్ల ఒంటికి దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇస్తుంది. ఆ చట్టం ఆరో అధ్యాయం, అంటే సెక్షన్ 82 నుంచి 87 వరకు, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. తయారీదారు ఎప్పుడు బాధ్యుడవుతాడో సెక్షన్ 84(1) ఐదు రకాలుగా చెబుతుంది: తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, తాము పెట్టుకున్న కొలతలకు తేడాగా తయారుచేయడం, ఇచ్చిన హామీకి తగ్గట్టు లేకపోవడం, చివరగా వాడే తీరు గురించి చాలినన్ని సూచనలు, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరిక లేకపోవడం. ఈ చివరిదాని గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతాం. ఉదాహరణగా ఇనుము, రాయి కోసే 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్‌ను తీసుకుంటున్నాం. డ్రిల్లుకైనా, మార్బుల్ కట్టర్‌కైనా, చెక్క కోసే సర్క్యులర్ రంపానికైనా పద్ధతి ఇదే.

చాలినంత అంటే ఎంత అన్నది చట్టం చెప్పదు. వినియోగదారుల కమిషన్ ముందు నిలబడి ‘హెచ్చరికే లేదండీ’ అంటే అవతలి వకీలు మాన్యువల్ తీసి బల్ల మీద పెడతాడు, కేసు అక్కడే సగం పోతుంది. కాబట్టి మొదటి నుంచీ ఒకే ప్రశ్న పట్టుకోండి: ఏ వాక్యం, ఎక్కడ, ఏ రూపంలో ఉండి ఉంటే ఈ దెబ్బ తగిలేది కాదు? ఆ వాక్యాన్ని కాగితం మీద రాయగలిగితే హెచ్చరిక మీద కేసు ఉన్నట్టు. రాయలేకపోతే మిగతా నాలుగు కారణాల్లో ఏదైనా ఉందేమో చూసుకోవాలి.

మొదటి రోజు

ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పండి. పోలీసుల గొడవ ఎందుకని మేస్త్రీయో కాంట్రాక్టరో ‘ఇనుప రేకు మీద పడ్డాడు’ అని రాయిస్తారు. తర్వాత ఏం చెప్పినా ఆ కేసు షీటే అడ్డం నిలబడుతుంది. ‘గ్రైండర్‌తో పైపు కోస్తుండగా డిస్క్ పగిలి ముక్క తగిలింది’, ‘పళ్ల బ్లేడు ఎగిరి ఎడమ చేతి మీద పడింది’ అన్నంత స్పష్టంగా రాయించుకోండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదైతే దాని నంబరు తీసుకోండి.

గ్రైండర్‌ను మళ్లీ ఆన్ చేయొద్దు, తుడవొద్దు, డిస్క్ విప్పొద్దు. బ్యాటరీ గ్రైండర్ అయితే బ్యాటరీ ఒక్కటి తీసి పక్కనే పెట్టండి. డిస్క్ ఉన్నది ఉన్నట్టుగా ఈ ఫొటోలు తీయండి: రెండు వైపులా నేమ్‌ప్లేటు (మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజి, ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చదవగలిగేలా), గార్డు (డిస్క్‌కు అడ్డుగా ఉండే రక్షణ రేకు) ఉందో లేదో, ఉంటే ఏ వైపు తిరిగి ఉందో, పక్క హ్యాండిల్, స్విచ్ ఏ స్థితిలో ఉందో, డిస్క్ మీద రాసినదంతా, కనిపించినంత మేర లోపలి ఫ్లాంజ్ (డిస్క్ వెనక ఆనుకునే బిళ్ల), బయటి నట్టు. పక్కన స్కేలు పెట్టి తీస్తే కొలతలు తెలుస్తాయి. పగిలిన డిస్క్ ముక్కలు ఎంత చిన్నవైనా ఏరి కవర్లో వేయండి. పగులు ఎక్కడ మొదలైందో చెప్పేవి అవే.

తర్వాత అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, టేపు మీద ఇద్దరు సాక్షులు తేదీ వేసి సంతకం చేస్తే సరి. పాత కార్టన్, మాన్యువల్, వారంటీ కార్డు, మాన్యువల్ ఉన్న ప్లాస్టిక్ కవర్ కూడా దాచండి. కనిపించకపోతే ఇల్లంతా వెతకండి.

సర్వీస్ సెంటర్‌కు మాత్రం పంపొద్దు. ‘పంపండి, చూసి మార్చి ఇస్తాం’ అంటారు. మంచి మనసుతోనే అని ఉండొచ్చు, కానీ వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రాదు. ‘వస్తువు నా దగ్గర సీలు వేసి ఉంది, తేదీ చెప్పి వస్తే నా ఎదుట చూసుకోవచ్చు’ అని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే సెక్షన్ 38 కింద కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పరీక్ష రుసుము ముందు ఫిర్యాదుదారు కట్టాల్సి రావచ్చు, ఆ డబ్బు సిద్ధంగా ఉంచుకోండి.

హెచ్చరికను చదవడం

నాలుగు చోట్ల వెతకాలి: పనిముట్టు ఒంటి మీద, కార్టన్ మీద, మాన్యువల్‌లో, డిస్క్ మీద. ఆన్‌లైన్‌లో కొంటే ఐదోది ఉత్పత్తి పేజీ. దాన్ని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీయండి, రేపటికి మారిపోవచ్చు. ‘చెక్క, ఇనుము, గ్రానైట్ అన్నీ కోస్తుంది’ అని అందులో ఉంటే అది మీకు రెండు విధాలా పనికొస్తుంది: మాన్యువల్‌లోని హెచ్చరికకు విరుద్ధమైన మాటగానూ, 84(1)లో చెప్పిన హామీగానూ. కార్టన్ మీది బొమ్మ కూడా చూడండి. లోపల ‘గార్డు లేకుండా వాడరాదు’ అని రాసి, బయట గార్డు లేని గ్రైండర్ బొమ్మ వేసిన పెట్టెలు ఉంటాయి.

పోల్చుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చేతిలో పట్టుకునే గ్రైండర్లకు ఐఈసీ 60745-2-3, దాని స్థానంలో వచ్చిన ఐఈసీ 62841-2-3. మాన్యువల్‌లో ఏ హెచ్చరికలు తప్పక ఉండాలో ఇవి వాక్యాలతో సహా చెబుతాయి. వాటిలో మన షాపుల్లో జరిగే ప్రమాదాలకు సూటిగా తగిలేవి ఇవి. రంపపు పళ్లున్న బ్లేడు బిగించవద్దు, అది తరచుగా వెనక్కి తన్ని అదుపు తప్పిస్తుంది. బిగించే డిస్క్‌కు రాసిన వేగం పనిముట్టు మీద రాసిన గరిష్ఠ వేగానికి కనీసం సమానంగా ఉండాలి. డిస్క్ రంధ్రం ఫ్లాంజ్‌కు సరిగ్గా పట్టాలి. పెద్ద గ్రైండర్ల నుంచి తీసిన అరిగిన చక్రాలు చిన్నదానికి వాడొద్దు. ఈ వాక్యాలు మీ మాన్యువల్‌లో లేకపోతే, ప్రపంచమంతా ఇస్తున్న హెచ్చరికను ఈ తయారీదారు ఎందుకు ఇవ్వలేదని అడగడానికి అదే మంచి ఆధారం.

వాక్యం ఉన్నా సరిపోలేదని వాదించొచ్చు. పని చేసే హెచ్చరికలో మూడు భాగాలు ఉండాలి: ప్రమాదం ఏమిటి, లెక్కచేయకపోతే ఒంటికి ఏమవుతుంది, ఎలా తప్పించుకోవాలి. ‘జాగ్రత్తగా వాడండి’ అన్నదానిలో మూడింట్లో ఒక్కటీ లేదు. ‘సరైన బ్లేడు మాత్రమే వాడండి’ అన్నదీ అంతే, ఏది సరైనదో చెప్పదు. అమెరికా ప్రమాణం ఆన్సి జెడ్535.4 అయితే మాటకు కూడా స్థాయి పెట్టింది: తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో తప్పనిసరి అయితే డేంజర్, జరగవచ్చు అంటే వార్నింగ్, చిన్న గాయం అయితే కాషన్. వేళ్లు తెగే ప్రమాదాన్ని ‘నోట్’ అన్న మాట కింద రాసి ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో ఎత్తిచూపండి.

ఎక్కడ రాశారన్నది ఇంకా ముఖ్యం. గ్రైండర్‌ను కొన్నవాడు ఒకడు, వాడేవాళ్లు నలుగురు. మాన్యువల్ మొదటి రోజే పోతుంది. డిస్క్ మార్చే క్షణంలో కంటికి కనిపించేది గేర్ హెడ్, గార్డు, ఇరుసు తిరగకుండా ఆపే స్పిండిల్ లాక్ బటన్. డిస్క్ గురించిన హెచ్చరిక అక్కడ ఉండాలి. అక్కడ స్థలం లేదంటారు. బ్రాండ్ పేరుకు, ‘హెవీ డ్యూటీ’ స్టిక్కరుకు స్థలం ఉంటే వాటి ఫొటో జతచేయండి. నీలి వలయంలో పుస్తకం చదువుతున్న మనిషి బొమ్మ ఉంటే ‘మాన్యువల్ చదవండి’ అని అర్థం. కళ్లద్దాల బొమ్మ కంటికి రక్షణ పెట్టుకోమని. బొమ్మ ఒక్కటే ఉండి, మాన్యువల్ పెట్టెలో లేకపోతే ఆ బొమ్మ దేనికీ కొరగాదు.

భాష సంగతి. హెచ్చరిక తెలుగులో ఉండాలని 84(1) ఎక్కడా అనదు. ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాలు హిందీలో లేదా ఇంగ్లీషులో ఉంటే చాలని 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ నియమాలు అంటాయి, అయితే అవి పేరు, ధర, పరిమాణం వంటివాటికి. కాబట్టి ‘తెలుగులో లేదు’ అన్న ఒక్క మాట మీద కేసు నిలపొద్దు. వరంగల్‌లోనో విజయవాడలోనో డీలర్లను పెట్టి అమ్మే కంపెనీకి కొనేవాళ్లెవరో తెలుసు, బొమ్మతో చెప్పగలిగిన దాన్ని బొమ్మతో చెప్పలేదు అని వాదిస్తే బలంగా ఉంటుంది. చక్రానికి పళ్లు గీసి అడ్డంగా గీత కొట్టిన బొమ్మకు ఏ భాషా అక్కర్లేదు.

లేని వాక్యాన్ని రాయడం

ఇది ఫిర్యాదుకు గుండెకాయ. ప్రమాదం ఎలా జరిగిందో సరిగ్గా తెలిస్తే తప్ప ఆ వాక్యం రాదు. మూడు రకాలు చూద్దాం.

చెక్క కోయడానికి 4 అంగుళాల గ్రైండర్‌కు కార్బైడ్ పళ్ల బ్లేడు బిగించడం. ఇలాంటి 110 మి.మీ. బ్లేడు అనేక హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దాని రంధ్రం 20 మి.మీ., చిన్న గ్రైండర్ల డిస్క్ రంధ్రం 16 మి.మీ. మధ్యలో రింగో, ఫ్లాంజ్ మెట్టో ఉంటుంది. ఈ బ్లేడు మీద రాసే వేగం గ్రైండర్ వేగం కన్నా ఎక్కువే ఉంటుంది. అంటే వేగం గురించిన హెచ్చరిక పాటించినవాడు కూడా దీన్ని బిగిస్తాడు. ప్రమాదం వేగంలో లేదు. పన్ను చెక్కలో ఇరుక్కోగానే గ్రైండర్ మొత్తం చేతిలోంచి ఎగురుతుంది. సర్క్యులర్ రంపానికి ఉండే బేస్ ప్లేటు దీనికి లేదు, పట్టుకోవడానికి ఆధారం లేదు. కాబట్టి లేని వాక్యం ఇది: ‘పళ్లున్న బ్లేడు బిగించవద్దు. చెక్కలో ఇరుక్కుని వెనక్కి తన్ని వేళ్లు, మెడ తెగుతాయి. చెక్కకు సర్క్యులర్ రంపం వాడండి.’ బ్లేడు కవర్ మీద ‘యాంగిల్ గ్రైండర్‌కు’ అని ఉంటే బ్లేడు తయారీదారును కూడా ప్రతివాదిగా చేర్చండి. చాలా ఫిర్యాదుల్లో మరిచిపోయేది ఇతన్నే.

గార్డు తీసి పెద్ద చక్రం బిగించడం. ఇక్కడ లెక్క చేసి చూపించాలి. అంచు వేగం అంటే వ్యాసం మీటర్లలో × 3.14 × ఆర్‌పీఎం ÷ 60. 180 మి.మీ. చక్రానికి సాధారణంగా రాసి ఉండే 8,500 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 80 మీటర్లు, చక్రం తట్టుకునే హద్దు అదే. దాన్ని 11,000 ఆర్‌పీఎం తిరిగే 4 అంగుళాల గ్రైండర్‌కు బిగిస్తే దాదాపు 104 మీటర్లు. లోపలి ఒత్తిడి వేగం వర్గంతో (వేగం × వేగం) పెరుగుతుంది కనుక అది 1.67 రెట్లు అవుతుంది. అదే 125 మి.మీ. చక్రానికి హద్దు 12,200 ఆర్‌పీఎం, వేగం దాటదు, కానీ అది పట్టాలంటే గార్డు తీయాలి. రెండిట్లో కారణాలు వేరు, కావలసిన హెచ్చరికలూ వేరు. ఫిర్యాదులో కలిపి రాస్తే అవతలివాళ్లు పట్టుకుంటారు.

కరెంటు పోయి రావడం. స్లైడ్ స్విచ్ ముందుకు నెట్టి ఉండగా కరెంటు పోతుంది, గ్రైండర్‌ను ఒడిలోనో బల్ల మీదో పెడతారు, కరెంటు రాగానే అది తిరగడం మొదలుపెడుతుంది. ఇక్కడ హెచ్చరికతో పాటు 84(1)లోని డిజైన్ లోపం కూడా కలిపి పెట్టండి. వదిలేస్తే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్, కరెంటు వచ్చాక దానంతట అది తిరగకుండా ఆపే ఏర్పాటు, రెండూ మార్కెట్లో ఉన్న గ్రైండర్లలో ఉన్నాయి. యంత్రాల భద్రతకు ఐఎస్ఓ 12100 పెట్టిన వరుస కూడా అదే: ముందు డిజైన్‌తో ప్రమాదం తీసేయాలి, తీయలేకపోతే గార్డు పెట్టాలి, అప్పటికీ మిగిలినదానికే హెచ్చరిక. స్టిక్కరు అతికించి డిజైన్ బాధ్యత వదిలించుకోవడం కుదరదు.

అవతలివాళ్లు చెప్పేవి

మొదటి జవాబు ఖాయంగా సెక్షన్ 87(3): అందరికీ తెలిసిన, కంటికి కనిపించే ప్రమాదం గురించి హెచ్చరించనక్కర్లేదు. తిరిగే చక్రం చెయ్యి కోస్తుందని ఎవరికి తెలియదు అంటారు. తెలియాల్సింది అది కాదు. చక్రం కోస్తుందని తెలుసు, పళ్ల బ్లేడు గ్రైండర్‌నే ఎగరేస్తుందని, పెద్ద చక్రం పగులుతుందని చూడగానే తెలియదు.

న్యూయార్క్‌లో ఒక కిరాణా దుకాణం మాంసం విభాగంలో జరిగిన ప్రమాదం కేసు ఇక్కడ పనికొస్తుంది. 1961లో అమ్మిన కీమా యంత్రానికి గార్డు ఉండేది, గార్డు లేకుండా నడపవద్దన్న హెచ్చరిక లేదు. గార్డు ఎవరో తీసేశారు. 1993లో 17 ఏళ్ల కుర్రాడి చెయ్యి అందులో పడింది. ప్రమాదం కళ్లకు కనిపిస్తున్నదేగా అని కంపెనీ వాదించింది. 1999లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. హెచ్చరిక ప్రమాదం ఉందని మాత్రమే చెప్పదు, దీన్ని తప్పించుకునే దారి ఉంది, గార్డు అడుగు అని కూడా చెబుతుంది అన్నది ఆ తీర్పు సారం. మన కమిషన్లకు అది శాసనం కాదు, కానీ 87(3)కు జవాబు చెప్పే దారి అది చూపుతుంది.

రెండోది 87(2)లోని యజమాని మినహాయింపు. పని చోట వాడకానికి యజమాని కొని, తయారీదారు ఆ యజమానికి హెచ్చరికలు ఇచ్చి ఉంటే, హెచ్చరిక చాలలేదన్న కారణం మీద తయారీదారు బాధ్యుడు కాడు. హెల్పర్లకు దెబ్బ తగిలిన కేసులు ఇక్కడే తెగుతాయి. యజమానికి నిజంగా మాన్యువల్ అందిందా అని అడగండి, అందకపోతే మినహాయింపు లేదు. అందినా ఈ మినహాయింపు హెచ్చరికకే వర్తిస్తుంది, డిజైన్ లోపానికి, తయారీ లోపానికి కాదు. హెల్పర్‌కు ఈఎస్‌ఐ, ఉద్యోగుల పరిహారం వంటి దారులు వేరుగా ఉన్నాయి, వాటిని వదులుకోవద్దు.

అసలు వినియోగదారుడేనా అన్న అభ్యంతరం దీని చుట్టమే. వాణిజ్యం కోసం కొంటే వినియోగదారుడు కాడు. కానీ తన కష్టంతో బతకడానికి స్వయం ఉపాధి కోసమే కొన్న వెల్డరు, వడ్రంగి వినియోగదారులే. కొన్నవారి అనుమతితో వాడిన ఇంటివాళ్లు, స్నేహితులు కూడా. పది మంది పనివాళ్లున్న ఫ్యాబ్రికేషన్ షాపుకు ఈ దారి కష్టం.

మూడోది, మార్చేశారు, తప్పుగా వాడారు అనడం. వస్తువును మార్చినా, తప్పుగా వాడినా అమ్మినవాడి మీద కేసు వేయలేరని 87(1) అంటుంది. అందులో ఉన్నది అమ్మినవాడు మాత్రమే, తయారీదారు పేరు లేదు. తయారీదారుకు జవాబు: తప్పు వాడకం గురించి హెచ్చరించాల్సిన పని 84(1) మీ మీదే పెట్టింది, ఆ తప్పు వాడకమే జరిగింది. మద్యం తాగి వాడితే మాత్రం హెచ్చరిక కేసు పోతుంది, 87(2)లో ఆ మాట స్పష్టంగా ఉంది.

దుకాణం బాధ్యత

పేరూ ఊరూ లేని గ్రైండర్ కొన్నవారికి సెక్షన్ 86 ఆసరా. తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందించడం కుదరకపోయినా, అతను మన చట్టానికి అందకపోయినా అమ్మినవాడే బాధ్యుడు. కంపెనీ హెచ్చరికలు కొన్నవాడికి అందించకపోయినా అంతే. షాపులో డెమో చూపించి, పెట్టె పక్కన పడేసి, గ్రైండర్ ఒక్కటీ సంచిలో పెట్టి ఇచ్చారా? ‘పని తేలిగ్గా ఉంటుంది’ అని గార్డు విప్పి ఇచ్చారా? రెండూ రాయండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు వివరం, షాపు ముద్ర ఉన్న వారంటీ కార్డు, వాట్సాప్ సందేశాలు జతచేయండి.

ఫిర్యాదు

గడువు 2 ఏళ్లు. ఆలస్యమైతే కారణం చూపి క్షమించమని అడగాలి. మీరు ఉండే చోట లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ ముంబైలో ఉన్నా సరే. ఏ స్థాయి కమిషన్ అన్నది వస్తువుకు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. రూ. 3,000 గ్రైండర్‌కు రూ. 20 లక్షలు అడిగినా జిల్లా కమిషనే, చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు, కానీ ఇలాంటి కేసులో మెకానికల్ ఇంజినీరు అఫిడవిట్ ఒకటి ఉంటే వకీలు ఉన్నంత పని చేస్తుంది.

ఫిర్యాదులో వరుస ఇలా పెట్టండి: కొన్న తేదీ, ధర, ప్రమాదం జరిగిన తీరు, ఆ రోజు గ్రైండర్ మీద, పెట్టెలో, మాన్యువల్‌లో ఏం రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా, ఏ వాక్యం లేదు, అది ఉంటే మీరు ఏం చేసేవారు, గాయం, పరిహారం. ‘ఉంటే ఏం చేసేవారు’ అన్నదాన్ని వదిలేస్తే హెచ్చరికకూ గాయానికీ లంకె తెగిపోతుంది. ‘పళ్ల బ్లేడు వద్దని గార్డు దగ్గర రాసి ఉంటే అద్దెకు సర్క్యులర్ రంపం తెచ్చేవాణ్ని’ అన్నంత స్పష్టంగా ఉండాలి.

పరిహారంలో వైద్య ఖర్చులు, అంగవైకల్యం, నొప్పి, మానసిక వేదన అడగండి. వైకల్య శాతానికి సదరం ధ్రువపత్రం జతచేయండి. షాపుకు పోయిన ఆర్డర్లు, జరిమానాలు వంటి వ్యాపార నష్టాన్ని చట్టం ‘హాని’ కింద లెక్కపెట్టదు. సంపాదించే శక్తి తగ్గడాన్ని శరీర గాయంలో భాగంగానే చూపించాలి. గ్రైండర్ ధర కూడా ఆ ‘హాని’లోకి రాదు, లోపమున్న వస్తువు కింద విడిగా అడగండి.

నోటీసు అందాక అవతలి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజులకు మించి పొడిగింపు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజు వచ్చిన జవాబును అడ్డుకోండి. జిల్లా కమిషన్ తీర్పు మీద 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. కంపెనీ అప్పీలు చేస్తే చెల్లించమన్న మొత్తంలో సగం ముందు జమ చేయాలి.

అదే మోడల్ అదే పెట్టెలో ఇంకా అమ్ముడవుతుంటే, మీ కేసుతో సంబంధం లేకుండా సెక్షన్ 17 కింద జిల్లా కలెక్టరుకు గానీ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారం సెక్షన్ 20 కింద ఆ అథారిటీకి ఉంది. మోడల్ నంబరు, కార్టన్ ఫొటోలు, మాన్యువల్ ప్రతి జతచేస్తే చాలు, నష్టపరిహారం ఊసు అందులో తేవద్దు.